గట్టు ఎటు నడిచింది

"నువ్వు పెళ్లి చేసుకుంది ఆవిడనా, ఆవిడ చేనునా?"

ఎరువుల కొట్టు ముందు, పదిమంది నిలబడి ఉండగా, కొట్టు యజమాని అడిగిన మాట ఇది. అడిగించుకున్న మనిషి భుజాన బస్తా ఉంది. బస్తా రెండో భుజానికి మార్చుకున్నాడు. ఆయన చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డ తొమ్మిదేళ్ల పిల్లకి మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ చేను ఆ పిల్లదే మరి. కన్నతండ్రి పోయేముందు ఆమె పేర పెట్టిన రెండెకరాలు.

అడిగినవాణ్ణి పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. నలభై రెండేళ్లు వచ్చేదాకా పెళ్లి ఊసెత్తని మనిషి, సరిగ్గా తన పక్క చేను ఇల్లాలినే, అదీ మొగుడు పోయినావిడని, చేసుకుంటే ఊళ్లో లెక్క ఇట్టే తేలిపోతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక గోడ, చేనుకీ చేనుకీ మధ్య ఒక గట్టు. గోడలో దారి తీశారు. ఇక గట్టు ఎన్నాళ్లుంటుందో చూద్దామని అందరూ కాచుక్కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన పార పట్టుకెళ్లి ఆ గట్టు మూరెడు ఎత్తు పెంచాడు.

గట్టు చెక్కడమంటే ఏమిటో సేద్యం చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఏటా గడ్డి చెక్కే నెపంతో తన వైపు నాలుగు వేళ్ల మేర చెక్కి, ఆ మట్టి అవతలివైపు మెత్తుతారు. గట్టుకి కాళ్లొస్తాయి. ఎప్పుడూ నోరులేనివాడి చేలోకే నడుస్తుంది. పిల్లకి ఇదేమీ తెలియదు. బాబాయ్ ఏటా ఒంటరిగా గట్టు చెక్కుకుంటాడనీ, ఎవరినీ పార ముట్టుకోనివ్వడనీ మాత్రమే తెలుసు. పక్కింటివాడిగా ఉన్నప్పుడు బాబాయ్, పెళ్లయ్యాకా బాబాయే. నాన్నా అని పిలవమని ఎవరో నేర్పబోతే, "నోటికొచ్చిన పిలుపు చాలు, అరువు పిలుపులు మనకొద్దు" అన్నాడు.

ట్రాక్టరు డ్రైవరు ఏటా గొణిగేవాడు. "ఒకే కొంపకి రెండు చేలేమిటి బావా? ఎన్ని మలుపులు తిప్పాలి! డీజిలంతా గట్టుకే పోతోంది."

"డీజిలు నీ బాబు పోస్తున్నాడా? తిప్పు."

అలా గట్టాయన అనే పేరు పడింది. వెక్కిరింపుగా పెట్టారు, ఆయన ఆ పేరుకే దర్జాగా పలికాడు.

మొదటి పంట అమ్మిన రోజు పిల్లని పిలిచి చేతిలో నోట్లు పెట్టాడు. "లెక్కపెట్టుకో."

"ఇదేంటి బాబాయ్?"

"కౌలు. నీ చేను దున్నుకున్నాగా. ఊరికే దున్నుకోడానికి నేనేమన్నా నీ బాబునా?"

వంటింట్లోంచి తల్లి గరిటెతో సహా వచ్చింది. "పసిపిల్లతో అవేం మాటలు!" పిల్ల అప్పటికే నవ్వుతూ నోట్లు లెక్కపెడుతోంది. పన్నెండేళ్లు వచ్చేసరికి, పక్క చేలకి ఎక్కువిస్తున్నారని బేరానికి దిగింది. ఆయన అరగంట తిట్టి, పెంచాడు. ఆమె కాలేజీ చదువు ఆ కౌలుతోనే సాగింది.

మెత్తని మనిషేం కాదు. వానకి ఎవరి కప్పు కారినా పిలవకముందే ఎక్కి కూర్చునేవాడు. రేకు సరిచేసేదాకా పైనుంచి ఆ ఇంటివాళ్లని బూతులు తిట్టేవాడు. పేకాటలో పచ్చి మోసగాడు. నిచ్చెన అరువిస్తే తిరిగొచ్చేది కాదు. అయినా ఆయన గొంతు వినపడని రోజున వీధికి ఏమీ తోచేది కాదు.

కిందటేడు పురుగు పట్టి పంట సగం పోయింది. సగం కౌలే ఇచ్చి, "మిగతాది వచ్చే పంటకి. వడ్డీ అడిగావంటే చేను నువ్వే దున్నుకో" అన్నాడు. వచ్చే పంట ఆయన చూడలేదు. గుండె ఆగి, గట్టు మీదే ఒరిగిపోయాడు.

రైతుల సంఘం హాల్లో సంతాపసభ పెట్టారు. కొట్టు యజమాని కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "తనది, పరాయిది అనే తేడా ఎరగని దేవుడు. రెండు చేలూ ఒకటే అనుకున్నాడు."

ఆనాటి పిల్ల, ఇప్పుడు ముప్పై దాటినామె, లేచి నిలబడింది. "అనుకోలేదండీ. తేడా ఆయనకి బాగా తెలుసు."

"కూర్చో తల్లీ, పొగుడుతున్నాం కదా!"

"పొగడండి. అబద్ధాలెందుకు? దేవుడు కౌలివ్వడు. ఈయన ఏటా నా చేతిలో పెట్టాడు."

"పేకాటలో కొట్టేసిన మా డబ్బులూ మా చేతిలో పెట్టుంటే బాగుండేది!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

పది రోజుల తర్వాత ఆ యజమానే ఇంటికొచ్చాడు. రెండు చేలూ తానే కౌలుకి చేస్తాడట, మంచి రేటిస్తాడట. ఒకటే షరతు, గట్టు తీసేయాలి. "ఇప్పుడు రెండూ మీవేగా. ఇంకెందుకది?"

తల్లి కూతురి వంక చూసింది. డబ్బు అవసరమే. గట్టు పోతే, కొట్టు ముందు అడిగిన ఆ ప్రశ్నకి ఊరు తనకిష్టమైన జవాబు రాసుకుంటుంది. కూతురు ముందు కొలిపించమంది.

సర్వేయరు పాత హద్దురాళ్లు పట్టుకుని ఒకటికి రెండుసార్లు కొలిచాడు. గట్టు ఉండాల్సిన చోట లేదు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రెండడుగులు జరిగింది, ఆయన చేలోకి. ఇరవై మూడేళ్లు పిల్ల వైపు చెక్కి, తన వైపు మెత్తుకున్నాడు.

"పిచ్చి మాలోకం! తన చేను తనే తినేశాడే!" అన్నాడు యజమాని.

"మీరప్పుడేదో అడిగారు ఆయన్ని" అంది ఆమె.

"ఏదో సరదాకి..."

"ఆయన సరదాకి మెత్తలేదు. గట్టు ఉంటుంది. రెండు చేలు, రెండు కౌళ్లు. ఇష్టమైతే చెయ్యండి."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు రెండు చేలూ ఆమే దున్నించింది. మలుపు మలుపుకీ గొణుగుతూ ట్రాక్టరు తిరిగింది.

తల్లి పెట్టె తెరిచి, ఆయన పెట్టిన బాకీ తాను తీరుస్తానంది. "చేను దున్నింది నువ్వు కాదుగా, నీకేం సంబంధమే అమ్మా?" అని కూతురు పెట్టె మూసేసింది.

కిందటేటి కౌలులో తొమ్మిది వేలు ఇంకా రావాలి.