నీ అనలేని ఫిట్టర్

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆ ఫిట్టర్‌ని అందరూ ‘మీరుగారు’ అనేవాళ్లు. ఊడ్చే మనిషి దగ్గర్నుంచి ఓనరు దాకా ఆయన ఎవరినీ నువ్వు అని ఎరగడు. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మేనకోడలినీ మీరే అనేవాడు. పెళ్లైన కొత్తలో భార్యనూ అలాగే పిలుస్తుంటే, చుట్టపుచూపుగా వచ్చినట్టుందని ఆవిడొక్కతే మాన్పించుకోగలిగింది.

ఇరవై ఆరేళ్లుగా జర్మనీ మిషన్ ఆయన చేతి కింద ఉంది. దాని పక్కన ఇప్పుడు చైనా మిషన్ దిగింది. ఏది చెడినా ఆ దేశంవాళ్లతో ఫోన్‌లో మాట్లాడుకునే బాగుచేసుకోవాలట. రెండు భాషల్లోనూ మొదటి పరీక్ష గట్టెక్కినవాడికి మిషన్లు, రెండోవాడికి గోడౌన్ అని ఓనరు తేల్చేశాడు. పోటీకి ఉన్నది ఇద్దరే: ఈయనా, పొడుగు ఫిట్టరూ. యాభై మూడేళ్ల వయసులో రెంచి వదిలేసి అట్టకట్టలు మోసుకుంటూ బతకడమంటే ఈయనకు చచ్చేంత భయం.

ఇద్దరూ జర్మన్ క్లాసులో చేరారు. ఆ భాషలో అమ్మాయి అనే మాట నపుంసకలింగమని చెప్పగానే క్లాసంతా విరగబడి నవ్వింది. ఈయన మాత్రం నవ్వలేదు. ‘బస్సు వచ్చింది’, ‘అమ్మాయి వచ్చింది’ అని మనం అంటున్నదీ అదేగా అనుకున్నాడు. పైగా ఆ భాషలో నువ్వుకి ‘డూ’, మీరుకి ‘జీ’ వేరువేరుగా ఉండటంతో ఆయన ప్రాణం లేచొచ్చింది. పొడుగు ఫిట్టర్‌కన్నా నాలుగు మార్కులు ఎక్కువే తెచ్చుకున్నాడు.

చైనీస్ చెప్పింది మేనకోడలే. ఆ భాషతోనే ఆ అమ్మాయి ఉద్యోగం. పలకరింపుకి ‘నీ హావ్’ అనాలంది. నీ అంటే నువ్వు అని అర్థం చెప్పింది. ఈయన ఉలిక్కిపడ్డాడు.

“ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని పట్టుకుని నీ అనమంటారేంటమ్మా?”

“వాళ్లేం అనుకోరు మావయ్యా. మొదటి పుస్తకంలో అదే ఉంది.”

సరేనని తలూపి నెలరోజులు వల్లించాడు. గోడకేసి చూస్తూ అంటే చక్కగానే పలికేది. ఎదురుగా మనిషి ఉంటే చాలు, నీ కాస్తా మీ అయిపోయేది.

పరీక్ష రోజున చైనా ఇంజనీరు వచ్చాడు. తలంతా తెల్లగా నెరిసిపోయింది. మాట అందించడానికి మేనకోడలినే పిలిపించారు. పొడుగు ఫిట్టర్ టకీమని ‘నీ హావ్’ అనేసి పక్కకు జరిగాడు. ఈయన చేతులు తుడుచుకుని, ఆ తెల్లజుట్టు చూసి, “మీ హావ్” అన్నాడు.

ఏమన్నాడని ఓనరు అడిగాడు. ఆ అమ్మాయి కాసేపు నీళ్లు నమిలి, ఆ భాషలో మీ అంటే బియ్యమని, బియ్యం బాగున్నాయన్నట్టు వచ్చిందని చెప్పక తప్పలేదు. మరో రెండుసార్లు అవకాశమిచ్చారు. మీకు అర్థమైందా అని అడగబోయి, బియ్యానికి అర్థమైందా అని అడిగాడు. ఓనరు నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు గానీ, ఫోన్‌లో ఈయనతో కుదరదనేశాడు.

ఇంజనీరును సాగనంపుతూ మేనకోడలు అన్న మాట ఫిట్టర్ చెవిన పడింది. ఆ అమ్మాయి తిరిగొచ్చేదాకా ఆగి, ఆయన్ని ‘నిన్’ అన్నారేంటమ్మా అని అడిగాడు.

“అది పెద్దవాళ్లని అనేది మావయ్యా. మన మీరు లాంటిది.”

“ఉందా అయితే?”

“ఉంది. రెండో పుస్తకంలో వస్తుంది. మొదటిది పాసయ్యాక చెబుదామనుకున్నా.”

ఆయన రెంచి తీసి బల్ల మీద పడేశాడు. 

“నువ్వు ఇంటికెళ్లు” అన్నాడు.