మా అమ్మ చెప్పనన్న సాక్ష్యం

మా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే ఊరి కల్లాలన్నీ ఎర్రగా మారిపోయేవి... ఎండబోసిన మిరపకాయల మధ్య కూర్చుని మా అమ్మ రంగు పోయిన తాలుకాయలు ఏరుతుండేది. గురజాల దగ్గర పల్లెటూరు మాది. బడి లేని రోజుల్లో నేనూ అమ్మ పక్కనే, ముక్కుకు గుడ్డ కట్టుకుని తుమ్ముకుంటూ...

అలాంటి ఒక మధ్యాహ్నం కల్లం పక్కనున్న గడ్డివామి అంటుకుంది. పొగ వాసనకు అమ్మ తల తిప్పేసరికే మంట పైకి లేచింది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. వామి కోటయ్యగారిది. కల్లమూ ఆయనదే. మా అమ్మానాన్నలకు ఏడాది పొడుగునా పని ఇచ్చేదీ ఆయనే.

ఆయనకూ పక్క పొలం ఏడుకొండలుకూ పాత గట్టు తగాదా. నిప్పు పెట్టింది ఏడుకొండలేనని కేసు పెట్టాడు. అమ్మను అడగకుండానే, కళ్లారా చూసిన సాక్షి అని ఆమె పేరు ఇచ్చేశాడు. వాయిదాకు ముందు రోజు మా ఇంటికే వచ్చాడు.

"ఏమే మార్తమ్మా... ఏడుకొండలు అగ్గిపుల్ల గీస్తుంటే చూశానని చెప్పు. అంతే."

"నేను పొగ చూశానయ్యా. మనిషిని చూడలా."

"చూడకపోతే ఏంది? వాడేనని ఊరంతా తెలుసు."

"అయితే ఊరినే చెప్పమనండయ్యా..."

కోటయ్యగారు కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. ఆయన అరిచి ఉంటే మా నాన్న అంత భయపడేవాడు కాదేమో.

"ఒక్క మాటేగదే! చెప్తే నీ నోరేమన్నా అరిగిపోద్దా? రేపట్నుంచి మనకు పని ఎవుడిస్తాడు?" అన్నాడు నాన్న.

అమ్మకు చదువు రాదు. ఆదివారం చర్చిలో విని విని పది ఆజ్ఞలూ నోటికి వచ్చేశాయి. "పొరుగోడి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పొద్దని అందరితో పాటు లేచి నిలబడి చెప్తన్నా గదయ్యా... ఇకనుంచి ఆ ఒక్కటి మింగేసి మిగతావి చెప్పమంటావా?" అంది. నాన్న ఆ పూట అన్నం తినలేదు.

బోనెక్కితే భయపడి చెప్తుందనుకున్నారేమో, మర్నాడు కోటయ్యగారి మనుషులు అమ్మను ఆటోలో కోర్టుకు తీసుకెళ్లారు. ఇంట్లో ఎవరూ లేరని అమ్మ నన్నూ వెంటబెట్టుకుంది. అమ్మ బోనులో చెక్క పట్టుకుని నిలబడింది. వకీలు మార్చి మార్చి అడిగాడు. "పొగ చూశాను బాబూ. మనిషిని చూడలేదు. ఎన్నిసార్లు అడిగినా అదే."

తిరిగి వచ్చేటప్పుడు మమ్మల్ని ఆటో ఎక్కమన్నవాళ్లు లేరు. బస్టాండుదాకా నడిచాం. దారి పొడుగునా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత మమ్మల్ని పనికి పిలవడం మానేశారు. తెల్లారి కూలీల గుంపు మా గుమ్మం ముందునుంచే నడిచిపోయేది... అమ్మ పక్క ఊళ్లకు పోయి పని వెతుక్కుంది. నాన్న మాచర్ల వైపు రాళ్ల క్వారీలో చేరాడు. కొన్నేళ్లకు దగ్గుతో తిరిగొచ్చాడు. ఆ దగ్గు మళ్లీ పోలేదు.

ఏడుకొండలు మీద కేసు కొట్టేశారు. కానీ వాళ్లింట్లో ఎవరూ మా గడప తొక్కలేదు. బోరింగు దగ్గర అమ్మ కనిపిస్తే ఆయన భార్య నాగమ్మ బిందె తీసుకుని పక్కకు జరిగేది.

"ఎవురికోసం చెప్పావో ఆళ్లే నీ మొహం చూడటంలా" అనేవాడు నాన్న.

"ఆళ్లకోసం చెప్పలా... నేను చూడలా, అందుకని చెప్పా."

నాన్న పోయిన రోజు నాగమ్మ వచ్చింది. అమ్మ పక్కన కూలబడి ఏడ్చింది. "నీతో మాట్లాడితే సాక్షిని మేమే కొనుక్కున్నామని అంటారని భయపడ్డాం అక్కా... మళ్లీ కేసు తిరగదోడతారని..." అంది.

అమ్మ కోపం చేసుకోలేదు. సంతోషపడనూ లేదు. "ఇన్నేళ్లా నాగమ్మా..." అని మాత్రం అంది. చానా అలసిపోయిన గొంతు అది. ఆ వామి ఎలా అంటుకుందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

అమ్మ కూడా పోయింది. నేనిప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాను. మొన్న మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక కుర్రాడి ఫొటో పెట్టి దొంగ అన్నారు. గంట తిరక్కుండా అందరూ వాడే అన్నారు, వాడి ఇంటి అడ్రస్ కూడా పెట్టారు. కళ్లతో చూసిన వాళ్లెవరని నేనడిగాను... కాసేపటికి ఎవరో గుడ్ నైట్ బొమ్మ పెట్టారు.

తెలియనిది తెలియదని చెప్పి, దాని బరువు జీవితమంతా మోసిన మనుషులు మన మధ్యే ఉండేవాళ్లు. వాళ్ల పేర్లు ఎక్కడా కనిపించవు... మీకు అలాంటివాళ్లు తెలిసుంటే ఇక్కడ రాయండి. ఓపిగ్గా చదువుతాను.