పదిహేనేళ్ళ నీళ్ళు

ఆ రోజుల్లో హైదరాబాదులో ఎవరిని కదిపినా పదిహేనేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నామనేవారు. నిన్నగాక మొన్న రైలు దిగినవాడిదీ పదిహేనేళ్ళే, ఇక్కడే పుట్టి తల నెరిసినవాడిదీ ఎందుకైనా మంచిదని పదిహేనేళ్ళే. (పదిహేనేళ్ళు ఉంటేనే ముల్కీ, అంటే స్థానికుడు; ముల్కీ అయితేనే సర్కారు ఉద్యోగం. అరవై తొమ్మిదిలో గొడవంతా రాజుకున్నది అక్కడే.) సరిగ్గా అలాంటి ఏడాదిలో ఇంటింటికీ తిరిగి "మీరిక్కడ ఎన్నేళ్ళుగా ఉంటున్నారు?" అని అడిగే పని నాకు దొరికింది. తన్నులు తినడానికి జీతం ఇచ్చిన విశ్వవిద్యాలయం అదొక్కటేనేమో.

నిజానికి మా పరిశోధన నీళ్ళ మీద. నల్లగొండ వైపు బావినీళ్ళు పళ్ళనూ ఎముకలనూ పాడుచేస్తున్నాయని అందరికీ తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా ఉన్న బావుల్లోనూ ఆ దోషం ఉందేమో తేల్చాలని మా ప్రొఫెసరుగారి పట్టుదల. ఎండాకాలంలోనూ కోటు విప్పరు కనుక ఆయన మాకు కోటు సారు. ఎన్నేళ్ళుగా ఈ నీళ్ళు తాగుతున్నారో రాసుకోవడం, పళ్ళు చూడడం, గొంతుక్కూర్చుని లేవమనడం నా వంతు. నన్ను చూసి డ్రిల్లు మాస్టారనుకున్నవాళ్ళున్నారు, దొంగ ముల్కీలను పట్టుకోడానికొచ్చిన సర్కారు మనిషనుకున్నవాళ్ళు అంతకంటే ఎక్కువమంది. సీసాల్లో పట్టిన నీళ్ళు ప్రయోగశాలకు చేరాయి గానీ, సమ్మెతో దానికి తాళం పడింది. నెలల తరువాత తెరిస్తే సీసాల నిండా పాచి. నేను రాసుకొచ్చిన కాగితాలు చాలన్నారు కోటు సారు.

నేను కిరాయికున్న ఇంటామెను అక్కా అనేవాణ్ణి. చర్చికి ఒక్క ఆదివారం తప్పని మనిషి, కానీ ప్రార్థనకు మోకాళ్ళూనలేక గోడ పట్టుకుని నిలబడేది. బావినీళ్ళు చెడ్డవని చదువుకున్నవాళ్ళు రాసిస్తే ఆ బస్తీకి నల్లా వేయిస్తామని పంచాయతీవాళ్ళు అన్నారట. అందుకని నా కాగితాల మీద ఆమెకున్నంత ఆశ కోటు సారుకు కూడా లేదు. ఎన్నేళ్ళుగా తాగుతున్నావని అడిగితే వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టింది.

"పంతొమ్మిదేండ్లు, తమ్మీ. పెండ్లయి ఒచ్చిన కాన్నించి గీ బాయి నీళ్ళే. ఒక్క ఏడు ఎక్కువ రాయకు, తక్కువ రాయకు."

ఆ కాగితాల కట్ట మొత్తంలో నిజం చెప్పింది ఆమె ఒక్కతేననుకుంటాను. మిగతా అందరూ పదిహేనేళ్ళే. రెండేళ్ళ కిందట గుంటూరు నుంచి దిగి, తళతళలాడే పళ్ళతో ఇకిలిస్తున్నవాడూ పదిహేనే.

ఒక మధ్యాహ్నం కుర్రాళ్ళు గుంపుగా గేటు దగ్గరికొచ్చి లోపల ఆంధ్రాయన ఉన్నాడటగదా అన్నారు. నేను బియ్యం డబ్బా వెనక్కి చేరాను. (పరిశోధకుడికి ఉండాల్సిన నిబ్బరం నాకు ఎప్పుడూ లేదు.) అక్క గోడ పట్టుకుంటూ గేటు దాకా వెళ్ళింది. "గాయన మావోడే. పదిహేనేండ్ల సంది ఈడనే ఉంటుండు" అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. లోపలికొచ్చి, దేవుడికి క్షమాపణ నువ్వే చెప్పుకో, నాకు వంగరాదు అంది.

ఆ నెలలోనే కోటు సారు లెక్క తేల్చారు. పదిహేనేళ్ళు తాగినా పళ్ళకూ కీళ్ళకూ చెక్కుచెదరనివాళ్ళు ఇంతమంది ఉంటే, నీళ్ళలో దోషమే లేదని. ఆ పదిహేనేళ్ళు అబద్ధం సార్ అన్నాను. అబద్ధమని నీకెట్లా తెలుసన్నారాయన, కలం మూయకుండానే.

తెలియకేం? నేనొచ్చి మూడేళ్ళు. ఆ ఉద్యోగం కోసం మా బాబాయి ఎవరి చెయ్యో తడిపి తెచ్చిన కాగితంలో నాకూ పదిహేనేళ్ళే. అది సారు బల్ల సొరుగులోనే ఉంది. నోరు తెరిస్తే జీతం పోతుంది. నేను తెరవలేదు. పిరికివాణ్ణని ఇప్పుడు తీరిగ్గా రాసుకుంటున్నాను గానీ, ఆ రోజు నాకు సిగ్గు కంటే ముందు ఊరట కలిగింది.

నివేదిక అచ్చయింది, నల్లా రాలేదు. నీళ్ళు మంచివేనటక్కా అని చెప్పాను. "గట్లనా? అయితే నా మోకాళ్ళదే తప్పు" అని బిందె తీసుకుని బావి దగ్గరికి నడిచింది. ఆ నడక చూడలేక పేపరు అడ్డం పెట్టుకున్నాను. నేను ఇల్లు మారిన కొన్నేళ్ళకు ఆమె మంచాన పడిందని విన్నాను. చూడ్డానికి వెళ్ళలేదు.

మొన్న ఎల్బీ నగర్‌లో మా ఇంటికి పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకతి పలక లాంటి ఫోను పట్టుకుని వచ్చింది. నీళ్ళ గురించి, మోకాళ్ళ గురించి అడిగింది. (నావీ ఇప్పుడు గోడ పట్టుకునే మోకాళ్ళే.) ఎన్నేళ్ళుగా ఉంటున్నారంకుల్ అనేసరికి, ఈసారైనా నిజం చెబుదామని వేళ్ళు మడిచి లెక్కపెట్టి, యాభై దాటి ఎన్నేళ్ళో, మధ్యలో ఏడాది ఊరెళ్ళిందీ తీసేసి మరీ చెప్పాను.

"అంత లేదంకుల్ ఇందులో. పదిహేనేళ్ళు, ఆపైన అని ఉంది. అదే పెట్టేస్తున్నా" అంది.

పెట్టమ్మా అన్నాను. నవ్వొచ్చింది. అక్క గేటు దగ్గర నా గురించి చెప్పిన లెక్కే మళ్ళీ రాయించుకుని, గోడ పట్టుకుంటూ లోపలికొచ్చాను.