వంశధార ఇవతలి గంట

మా పెద్దమ్మ లక్ష్మణమ్మకి కథ సగంలో ఆగిపోతే నిద్ర పట్టదు. సీరియల్ మధ్యలో కరెంటు పోతే, తరవాత ఏమైందో పక్కూరికి ఫోన్ చేసి మరీ కనుక్కుంటుంది. కథల పిచ్చి అని మేమంతా ఏడిపిస్తాం. పోయిన వానాకాలం ఆ పిచ్చే మా పాలేన్ని ఒడ్డున పడేసింది.

మాది శ్రీముఖలింగానికి ఎగువన, వంశధార ఇవతలి గట్టున ఉన్న చిన్న పాలెం. చర్చి అవతలి గట్టున పెద్దూళ్లో ఉంది. ఆదివారం పడవెక్కి ఆరాధనకి వెళ్తాం. చర్చి వెనక సమాధుల తోటలో మా పెదనాన్న ఉన్నాడు. పెద్దమ్మ వెళ్లినప్పుడల్లా ఆయనతో, "కాస్త జరిగి పడుకో, నానొస్తే సోటుండాల," అని చెప్పి వస్తుంది.

గాలి ఎదురైతే చర్చి గంట మాకు వినపడదు. పడవ తప్పిపోతోందని పెద్దమ్మ పోరి పోరి మా పాలెంలోనే ఒక గంట కట్టించింది. అది మోగితే అందరం పోగై కలిసి రేవుకి వెళ్లాలని. పెద్దూళ్లో ఒక్క మాట చెబుదామని ఎవరికీ తోచలేదు, మా తెలివి అలా ఏడిసింది. మొదటి ఆదివారం గంట కొట్టి రేవుకి వెళ్తే, ఏరు పొంగి పడవ ఆపేశారు. పెద్దూరివాళ్లకి గంట వినపడింది, మేం మాత్రం వెళ్లలేదు. ఇంకేముంది, పడవ ఆగిన సంగతి పట్టించుకోకుండా, మేం వేరే సంఘం పెట్టేసుకున్నామని తేల్చేశారు.

నీరు కాస్త తీశాక, పడవ ఇంకా మొదలుకాకపోవడంతో, సంఘ పెద్ద నూకయ్య బైబిలు చంకన పెట్టుకుని, వంతెన మీదుగా చుట్టూ తిరిగి ఆటోలో దిగాడు. మా పెదనాన్నకి తమ్ముడి వరస. మంచినీళ్లు కూడా ముట్టకుండా, సంఘంలోంచి మా పేర్లు తీసేస్తామన్నాడు. పేరు పోతే సమాధుల తోటలో చోటూ పోయినట్టే. పెద్దమ్మ మొహం పాలిపోయింది. అది చూసి నాకు ఒళ్లు మండింది.

నూకయ్య యెహోషువ గ్రంథం తీసి చదివాడు. యొర్దాను నది ఆవలి గోత్రాలవాళ్లు ఒడ్డున పెద్ద బలిపీఠం కట్టారు. బలులిచ్చే పీఠం ఒకటే ఉండాలి, వేరేది కట్టి దేవుణ్ణి విడిచిపెట్టేశారని మిగతావాళ్లు యుద్ధానికి లేచారు. ముందు అడిగి రమ్మని పెద్దల్ని పంపారు.

"ఏటీ ద్రోహమని పెద్దలు అడిగేరు," అని పుస్తకం మూసేశాడు నూకయ్య.

"ఆళ్లేటన్నారు?" అంది పెద్దమ్మ.

"ఎవలు?"

"పీఠం కట్టినోళ్లు. అడిగితే ఏదో ఒకటి సెప్పే ఉంటారు కదరా. సదువు."

నూకయ్య నసుగుతూనే మళ్లీ పుస్తకం తీశాడు. చదివేకొద్దీ గొంతు తగ్గింది. ఇది బలులకి కాదు, సాక్షిగా కట్టాం అన్నారు వాళ్లు. మధ్యలో నది ఉంది కాబట్టి, మా దేవుడిలో మీకు పాలు లేదని రేపు మీ పిల్లలు మా పిల్లలతో అంటారేమోనని భయపడి కట్టాం అన్నారు. ఆ మాట విని పెద్దలు సంతోషంగా వెనక్కి వెళ్లారు, యుద్ధం ఆగిపోయింది.

"మాదీ అదేరా," అంది పెద్దమ్మ. "మీ దగ్గరకి రాడానికే గంట కట్టేం. సెప్పకపోడం మా తప్పు. ఇంకోటి కూడా ఉన్నాది, దాసను. మొన్న క్రిస్మస్ బోజనాలకి, ఏరు దాటొచ్చినోళ్లు ఆఖరి పంక్తిలో కూకోండని ఒకలన్నారు. అప్పట్నుంచి భయంగానే ఉన్నాది. ఎప్పటికైనా మమ్మల్ని కాదనీస్తారని."

అప్పటిదాకా నిలబడే ఉన్న నూకయ్య, పెద్దమ్మ పరిచిన చాప మీద కూర్చున్నాడు.

"నానే అన్నాను వదినా," అన్నాడు. "తప్పే. నీ సోటు ఎక్కడికీ పోదు. నానుండగా అన్న పక్కనే పెడతాం."

"నువ్వుండగా సరే. నాకంటే ముందు నువ్వు పోతే? మీ వోడికి సెప్పు."

నూకయ్య ఆ చాప మీదే కూర్చుని కొడుక్కి ఫోన్ చేశాడు.