ఇమాం సాహెబ్ మెడలో క్లిప్పు

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన ఇరవయ్యారేళ్లుగా బైకులు బాగుచేస్తున్న ఇమాం సాహెబ్‌కు కుదురుగా కూర్చోవడం చేతకాదు. టీ నిలబడే తాగుతాడు. మసీదులో నమాజు కాగానే చెప్పుల దగ్గరకు అందరికంటే ముందు చేరేది ఆయనే. చేతికి పని లేకపోతే ఏదో ఒక స్పానర్ తీసుకుని ఊరికే తిప్పుతుంటాడు. అలాంటి మనిషి ఓపికతో చేయాల్సిన పనిలో ఇరుక్కున్నది ఒక కుక్క వల్ల.

రెండేళ్ల కిందట వానకు షెడ్డులో దూరిన కుక్క మళ్లీ పోలేదు. దానికి నట్టు అని పేరు పెట్టుకున్నాడు. భార్య జుబేదా దాన్ని ఇంటి ఛాయలకు రానివ్వదు. ఇంటి గిన్నెలో మెతుకు కూడా దానికి పోకూడదని ఆమె షరతు. ఆయన కూడా దాని లాలాజలం తగిలితే కడుక్కుని, చొక్కా మార్చుకునే నమాజుకు వెళ్తాడు. దానికి ఒకటే జబ్బు. కదిలే బైకు కనిపిస్తే వెంటపడుతుంది.

సోమవారం అది నకరికల్లు వీరయ్య బండి వెంట పడింది. ఆయన పట్టు తప్పి కంకరలో పడ్డాడు. నకరికల్లులో ఆయన మాట చెల్లుతుంది. ఆ ఊరి బైకులు సగం ఇమాం సాహెబ్ దగ్గరకు వచ్చేది ఆయన చెప్పడం వల్లే.

"బండి బాగుచేసి మనిషిని రిపేరుకి పంపుతున్నావేంది ఇమామూ?" అన్నాడు వీరయ్య, ప్యాంటు పైకి లాగి మోకాలు చూపిస్తూ.

"తప్పయింది వీరయ్యన్నా. కట్టేస్తా."

"కట్టేస్తే, తెంచుకున్న రోజు ఇంకా కసిగా వస్తది. వచ్చే సోమవారం మళ్లా వస్తా. నా బండెనక పడిందా, నువ్వే తీసకపోయి వెల్దుర్తి అవతల అడవిలో వదలాల. నలుగురిలో మాటియ్యి."

ఇచ్చాడు. ఆ అడవిలో చిరుతలు తిరుగుతాయని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం డిగ్రీ చదువుతున్న కూతురు నిఖత్ ఫోనులో ఒక వీడియో పెట్టింది. చేతిలో ఇమిడే చిన్న క్లిక్కర్ నొక్కుతూ ఒకామె కుక్కకు పని నేర్పుతోంది.

"తప్పు చేస్తే కొట్టడం కాదు అబ్బాజాన్. బైకును చూసి కూడా కదలకుండా ఉన్న ఆ క్షణంలో టిక్‌మనిపించాలి, వెంటనే ముక్క పెట్టాలి. టిక్‌మంటే ముక్క ఖాయమని దానికి నమ్మకం కుదరాలి. క్లిక్కర్ ఆర్డర్ పెడితే వచ్చే మంగళవారానికి వస్తుంది."

"సోమవారమే వీరయ్యన్న వచ్చేది, మంగళవారం దాకా ఆగితే నట్టు అడవిపాలే. దానికి మిషనెందుకు? నా దగ్గర టిక్‌మనేది లేదా ఏంది?"

మర్నాడు పొద్దున్నే ఐజాజ్ కోళ్ల కొట్టు నుంచి కార్జం తెచ్చి, ఉడికించి, చిన్న ముక్కలు చేశాడు. నట్లు బిగించే రాచెట్ తీసి ఒక్కసారి తిప్పితే టిక్‌మంది. ముక్క పెట్టాడు. సాయంత్రానికల్లా ఆ చప్పుడు వినగానే నట్టు తల తిప్పి ఆయన చేతివంక చూసింది. ఇంత తేలికా అనుకున్నాడు.

బుధవారం ఒక బైకు ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. రాచెట్ గంటసేపు ఆగకుండా టిక్ టిక్‌మంది. మొదట నట్టు పరుగున వచ్చి ఎదురుగా కూర్చుంది. చప్పుడు వస్తోంది, ముక్క రావడం లేదు. కాసేపటికి లేచి వెళ్లి గోడ పక్కన పడుకుంది. మధ్యాహ్నం ఆయన కార్జం చేతిలో పట్టుకుని మరీ రాచెట్ తిప్పాడు. అది చెవి కూడా ఆడించలేదు. అంతలో పాల క్యాన్ల బైకు పోతుంటే లేచి దాని వెంట పరిగెత్తింది.

"రోజుకు ఎన్నిసార్లు తిప్పుతావు దాన్ని?" అంది నిఖత్, సంగతంతా విని.

"లెక్కేముందే?"

"అన్నిసార్లూ పిలిచి ఉత్త చెయ్యి చూపించినట్టే కదా. ఇంకెందుకు నమ్ముతుంది?"

జుట్టుకు పెట్టుకున్న రేకు క్లిప్పు తీసి వేళ్లతో వంచింది. టక్‌మంది. "ఈ చప్పుడు నీ షెడ్డులో లేదు" అంది.

గురువారం ఇమాం సాహెబ్ ఆ గులాబీ రంగు క్లిప్పును దారంతో మెడలో వేలాడేసుకుని వచ్చాడు. "ఏం భాయ్, జడెప్పుడు వేసుకుంటున్నావ్?" అన్నాడు ఐజాజ్ కార్జం తూస్తూ. జవాబు చెప్పే తీరిక ఆయనకు లేదు. అసలు కష్టం చేతితోనే. ఊరుకోలేని వేళ్లు తెలియకుండానే క్లిప్పును నొక్కేవి. నట్టు వచ్చి కూర్చునేది. నొక్కినందుకు ముక్క పెట్టాల్సిందే. అందుకని పని లేనప్పుడల్లా ఆ చేతిని జేబులో కుక్కుకుని షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. ఆదివారానికి నట్టు మూడు బైకులకు ఆగింది. నాలుగోదాని వెంట పడింది.

సోమవారం పది గంటలకు వీరయ్య బండి మలుపు తిరిగింది. నట్టు లేచింది. దాని వీపు మీద వెంట్రుకలు నిక్కాయి. బండి ఆగేవరకూ అది కదల్లేదు. ఇమాం సాహెబ్ టక్‌మనిపించి ముక్క పెట్టాడు.

"వచ్చేటప్పుడు ఆగితే ఏంది గొప్ప? పోయేటప్పుడు చూడాల" అంటూ వీరయ్య బండి తిప్పి జోరుగా పోనిచ్చాడు. నట్టు రెండడుగులు వేసి ఆగింది. టక్. ముక్క. వీరయ్య ఊరుకోలేదు, మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. మూడో చుట్టులో కావాలని కాళ్లు రెండూ చాపి, హారన్ కొడుతూ దాని ముందు నుంచే పోయాడు. నట్టు ఒళ్లంతా వణికింది. ఒక్క కాలు ముందుకు వేసి, తల తిప్పి ఇమాం సాహెబ్ వంక చూసింది.

టక్‌మనిపించాడు. డబ్బాలో చెయ్యి పెట్టాడు. ముక్కలు అయిపోయాయి.

నట్టు వచ్చి ఎదురుగా కూర్చుంది. బుధవారం కూడా అలాగే కూర్చుంది. వీరయ్య బండి తిప్పుకుని మళ్లీ వస్తున్న చప్పుడు. ఇమాం సాహెబ్ కొయ్యకు తగిలించిన తన అన్నం క్యారియరు లాగి, జుబేదా కట్టిచ్చిన కూరలోంచి మంచి మటన్ ముక్క తీసి దాని ముందు పెట్టాడు. బైకు పక్కనుంచే పోయింది. నట్టు తినడం ఆపలేదు.

"మాంసం పెట్టి మేపితే ఎవరైనా వింటారు" అన్నాడు వీరయ్య బండి దిగి. "సరే, ఉండనీ. కానీ మళ్లా సోమవారం వస్తా."

"రా అన్నా" అన్నాడు ఇమాం సాహెబ్. జుబేదాకు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాడు. రోడ్డు మీద ఇంకో బైకు చప్పుడు వినిపించింది. ఆయన చెయ్యి మెడ దగ్గరకు పోయింది.