నిదానమైన వాళ్లు ముందు

మహబూబ్‌బీకి కావలసింది ఒక అట్టముక్క. దాని మీద ఆమె ఫొటో, పక్కన ‘గైడు’ అన్న మాట ఉండాలి. అది మెడలో వేసుకుని, అడవి పార్కు పెద్ద గేటులోంచి అందరూ చూస్తుండగా లోపలికి నడవాలి. ఇరవై ఏళ్లు ఆమె ఆ ఎర్రమల కొండల్లోకి ముళ్లకంచె కింద దూరి వెళ్లిన మనిషి. ఎండుకట్టెలు మోపుగట్టి తెచ్చి జమ్మలమడుగు టీకొట్లకు వేసేది. అటవీశాఖ వాచర్లు మూడుసార్లు కొడవలి లాక్కున్నారు. ఒకసారి మోపు కింద పడేసి తన్నారు. “కట్టెలకేం నొప్పి? నాకే కడుపు మండింది,” అని ఇప్పటికీ చెబుతుంది.

ఆ పార్కులో పగటి నడకలు నడపడానికి ప్రొద్దుటూరులో ఒక సంఘం మొదలైంది. దాని కార్యదర్శి కోదండపాణి, లెక్కల మాస్టారు. ‘ఆలస్యం అమృతం విషం’ అనకుండా ఆయనకు పూట గడవదు. గైడు కావాలని తెలిసి, పెద్దముడియం పక్క పల్లె నుంచి మహబూబ్‌బీ వచ్చి ఆయన ముందు నిలబడింది.

“సర్టిఫికెట్ ఏమన్నా ఉండాదా మ్మా?”

“కాళ్లుండాయి సారూ.”

“వయసెంత?”

“నాదా, కాళ్లదా?”

అక్కడే ఉన్న సంఘం సభ్యులం మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. పరీక్ష పెట్టాడు. వచ్చే ఆదివారం, ఉన్నవాటిలోకెల్లా కష్టమైన దారిలో ఏడుగుర్ని తీసుకెళ్లి సాయంత్రం ఐదుకల్లా గేటు దగ్గరికి చేర్చాలి. నిమిషం దాటినా కార్డు లేదు.

ఆ ఏడుగురిలో నేనొకణ్ణి. ప్రొద్దుటూరులో బట్టల కొట్లో పని చేస్తాను, ఆదివారాలు కొండలెక్కుతాను. ఆ పొగరు నాకు దండిగా ఉండేది. ఇంకో ఐదుగురు నాలాంటి వాళ్లే. ఏడో మనిషి రమ్యశ్రీ, పులివెందులలో గుమాస్తా. కొండ ఎక్కడం ఆమెకదే మొదలు.

పొద్దున ఏడింటికి బయల్దేరాం. మొదట నడుమెత్తు బోదగడ్డి. తర్వాత చొక్కాలు పట్టుకుని లాగే ముళ్లపొదలు. ఆపైన ఎర్రబండల మధ్య నిలువునా లోయలోకి దిగాలి. అడుగున వంక, మోకాలిలోతు నీళ్లు, నాచు పట్టిన గుండ్లు. వంక దాటేసరికి మధ్యాహ్నమైంది. అవతలి గట్టు తలెత్తి చూసి రమ్యశ్రీ కూలబడిపోయింది.

“ఈడే నీడన కూర్చోబెట్టి పోదాం. పైకి పోయి వాచర్ను పంపిద్దాం,” అన్నాను. అన్నది నేనే. ఇంకొకరి మీదికి తోయడం పాపం.

మహబూబ్‌బీ నన్ను ఎగాదిగా చూసింది. “నాతో దిగినోళ్లు నాతోనే ఎక్కాల. పాపా, లెయ్. నువ్వు ముందర నడువు.”

“ఆమె ముందరా? ఐదు దాటిపోతాదక్కా. పొయ్యేది నీ కార్డే!”

“నెత్తిన మోపుంటే తలకాయ తిప్పి చూసేకి కాదప్పా. ఎనకోళ్లు పడినా తెలీదు. అందుకే నిదానమైనోళ్లను ముందర పెడతాం. ఇరవై ఏండ్లలో ఒక్కర్ని గూడా కొండలో ఇడ్సి రాలా.”

“ఇప్పుడు నీ నెత్తిన మోపు లేదు కదా?”

“ఏడు మోపులుండాయి. నీకు కనపల్యా?”

ఎక్కాం. రమ్యశ్రీ పది అడుగులేసి ఆగితే అందరం ఆగాం. నాకు ఒళ్లు మండిపోయింది. అరగంటకు ఆమె ఆగడం తగ్గింది. వెనకుంటే మాతో పాటు పరుగెత్తాలని ఆయాసపడేది, ముందుంటే తన అడుగు తనది. మహబూబ్‌బీ ఒక్కసారి కూడా టైమెంతని అడగలేదు. గట్టెక్కి, కాలే నాపరాళ్ల మీద నడిచి గేటు చేరేసరికి ఐదూ ఇరవై.

కోదండపాణి అట్టకు గుచ్చిన కాగితం మీద టైము వేశాడు. “ఇరవై నిమిషాలు లేటు. రూలు రూలే మ్మా.”

మాలో ఎవరూ నోరు మెదపలేదు. నలుగురితో నారాయణ అనే రకం నేను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రమ్యశ్రీ మాత్రం “నా వల్లనే సార్,” అని ఏడ్చింది.

“ఏడ్సగాకు పాపా. నీ వల్ల గాదు.” మహబూబ్‌బీ మాస్టారికి ఎదురుగా వచ్చి నిలబడింది. “సారూ, ఏమేం రాసినావో సదువు.”

“బయల్దేరిన టైము, చేరిన టైము, దూరం.”

“ఎంతమంది దిగినారు, ఎంతమంది ఎక్కినారు? అది యాడ రాసినావు?”

ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు. “దానికి గడి లేదు మ్మా.”

“లేకుంటే గీయి.”

“అట్లా గీసేకి కాదు...”

“గీతే కదప్పా! లెక్కల సారువి, గీత గీసేకి రాదా? నేనీడే నిలబడతా. నువ్వు గీసేదాకా కదిలేది లేదు.”

ఆయన మా వైపు చూశాడు. “గీయండి సార్,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మిగతా వాళ్లూ అన్నారు. ఆయన గీత గీసి, ‘దిగినవారు’, ‘ఎక్కినవారు’ అని రాసి, రెంటి కిందా ఏడు వేశాడు.

“ఎన్నేసినావు?”

“ఏడు.”

“ఎనిమిది,” అంది మహబూబ్‌బీ. “నేను దిగలేదా?”

కోదండపాణి రెండు చోట్లా ఏడు కొట్టేసి ఎనిమిది వేశాడు. తర్వాత ఆమె మొహంలోకి సరిగ్గా చూసి, ఫొటో తెచ్చినావా మ్మా అని అడిగాడు.