అక్క ఎక్కిన కొండ ఊరు

మా ఎదురింటి అక్క మొన్న పోయింది. పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకెళ్ళిన మర్నాడే గుండె ఆగిపోయింది. పలకరింపుకి వచ్చినవాళ్ళది ఒకటే మాట: "పాపం, మోకాళ్ళతో ఎంత అవస్థ పడిందో!" వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కని పాపం అనడానికి వీల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చి, అమీర్‌పేట సందులో ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టింది. మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే కూరగాయలకు వెళ్ళేది. మాట్లాడుతూనే మన భుజం దగ్గర కుట్టు సర్ది, "గిది ఎవరు కుట్టిన్రు?" అని మొహం చిట్లించేది.

కుట్టు మానేశాక ఇద్దరం యూరప్ బస్సు యాత్రకు పేర్లిచ్చాం. ఆ రోజు నుంచీ అక్క పంజాగుట్ట మెట్రో స్టేషన్ మెట్లెక్కడం మొదలుపెట్టింది. "లిఫ్టు సుత ఉన్నదమ్మా" అన్నాడు సెక్యూరిటీ అతను. "నాకు కనబడుతలేదా? ఆడ యూరప్‌ల ఉంటదో ఉండదో" అంటూ రెయిలింగ్ పట్టుకుని పైకే పోయింది. రైలెక్కేది లేదు, మళ్ళీ దిగి ఇంటికి రావడమే. నేను కింద నిలబడి టీ తాగేదాన్ని.

ఇటలీలో మొదటి రోజే చిక్కొచ్చి పడింది. దారిలో కాఫీకి బస్సాపారు. అందరూ ఎక్కాక తలలు లెక్కపెడితే అక్క లేదు. గైడు కంగారుగా పరుగెత్తాడు. చూస్తే అక్క బస్సుకి ఎడమవైపు నిలబడి, తలుపే లేని రేకుని దబదబా బాదుతోంది. మన సిటీ బస్సుకి తలుపు ఎడమవైపే కదా! అక్కడ కుడివైపు. ఆమె వెనకనుంచే లారీలు పోతున్నాయి.

గైడు మన హైదరాబాదు మనిషే, మంచివాడే. కానీ హడలిపోయాడు. "అమ్మా, ఇక ఎక్కడ ఆగినా మీరు బస్సులోనే కూర్చోండి. మీ మంచికే చెబుతున్నా" అన్నాడు. బస్సంతా విన్నది. అంటే యాత్ర మొత్తం కిటికీలోంచి చూడటమే. నాకు ఏడుపొచ్చింది.

అక్క గొంతు పెంచలేదు. "తలుపు ఎటుందో తెల్వలే సారు. ఇప్పుడు తెలిసింది. కూసునుడే అయితే మా ఇంట్ల మిషిన్ ముంగట కూసోనా? కూసుని కూసునే గీ మోకాళ్ళు గిట్లయినయి. నేను నడవనీకి వచ్చిన."

తర్వాత బస్సు ఒక కొండ ఊరి కింద ఆగింది. పైకి రాతిమెట్ల సందులే, బస్సు పోదు. "టైముకి తిరిగి రావాలి, లేటైతే అందరికీ ఇబ్బంది" అన్నాడు గైడు మైకులో, అక్క వైపు చూడకుండా. అందరూ కింద ఫొటోలు దిగుతుంటే అక్క కుచ్చిళ్ళు బొడ్లో దోపి నడక మొదలుపెట్టింది. వెనకాల నేను, నా సంచిలో గోంగూర పచ్చడి, కారప్పొడి. సగంలో నేను ఆయాసంతో ఆగాను. "మోకాళ్ళు నాయి, ఆయాసం నీదా చెల్లె? గా డబ్బాలు మోసుడు బంద్ చెయ్యి" అని నవ్వింది. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే నవ్వింది. ముందు కుడికాలు, దాని పక్కకి ఎడమకాలు. ఆగడం, గోడ పట్టుకోవడం, మళ్ళీ ఎక్కడం. చెయ్యి అందించబోతే విదిలించేసింది. ఆ రోజు ఆమె వెనకాల నడవడం నాకు దక్కిన అదృష్టం.

మావాళ్ళందరూ మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు. మేం పైన చర్చి ముందుకి చేరేసరికి బెంచీల మీద కూలబడి ఉన్నారు. గైడు అక్కని చూసి గబుక్కున లేచి, తన చోటు చూపించి "కూర్చోండమ్మా" అన్నాడు. ఈసారి ఆ మాటలో భయం లేదు, గౌరవం ఉంది.

అక్క కూర్చోలేదు. కొంగుతో చెమట తుడుచుకుని, చర్చి పక్కనుంచి వంపు తిరిగిన సందుకేసి చూసింది.

"ఇంకా పైకి తొవ్వ ఉన్నదా సారూ?"

అతను వాచీ చూసుకుని, ఉందన్నట్టు తలూపాడు. అక్క గోడ మీద చెయ్యేసి అటు నడిచింది. నేను బెంచీ మీదే కూర్చుని, ఆమె కొంగు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాను.